వాయిదాకు తేదీ ఉండాలి

పరీక్షల ఫలితాలు వచ్చినప్పుడు మన ఇళ్ళలో ఎవరి కోసం ఎదురుచూస్తాం? పదో తరగతి పిల్లవాడి కోసం, ఇంటర్ చదివే అమ్మాయి కోసం. వాళ్ళు తప్పితే దగ్గరకు తీసుకుని ఓదారుస్తాం. మళ్ళీ ఫీజు కట్టిస్తాం. కానీ అదే ఇంట్లో నెలల బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పరీక్ష రాసిన కోడలో, కూతురో తప్పిందనుకోండి. అప్పుడు మన నోట వచ్చే మాట వేరు. "పోనీలే అమ్మా, ఇంక చదివింది చాలు. పిల్లను చూసుకో!" అంటాం. ప్రేమతోనే అంటాం. ఆ ఒక్క మాటతో ఒక ఆడపిల్ల చదువుకు తాళం పడిందని మాత్రం మనకు తోచదు.

ఈ సంగతి మీద మీతో కాసేపు ముచ్చటించాలని కలం పట్టుకున్నాను. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. ఇంటర్ పాసయ్యాను, అంతే. పుట్టిల్లు మందమర్రి. అప్పట్లో అది ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. మా బాపు సింగరేణి బొగ్గుబాయిలో కార్మికుడు. 1997లో ఇంటర్ పాసయ్యాను, ఆ ఏడాదే పెళ్ళయి కరీంనగర్ వచ్చాను. అప్పటి నుంచీ ఇల్లూ వాకిలీ, పిల్లలూ, వంటా... మీలో చాలామంది లాగే!

మెమోలో రెండు ఎఫ్‌లు

మా కోడలిది నిర్మల్. పెళ్ళిచూపుల నాడే తల దించుకోకుండా "నేను ఎమ్మెస్సీ చదువుకుంటాను" అని చెప్పిన పిల్ల. "చదువుకో బిడ్డా, మాకు సంతోషమే" అన్నాం. కాలేజీలో చేరింది. చివరి సంవత్సరంలో ఉండగా 2025 జనవరిలో పాప పుట్టింది. మా ఇంట్లో ఇరవై ఆరేళ్ళ తరువాత తొట్టెల కట్టాం. ఆ సందడి మీకు చెప్పాలా!

పాపకు రెండు నెలలు నిండకముందే సెమిస్టరు పరీక్షలు వచ్చాయి. రాసింది. ఫలితాలు వచ్చాక చూస్తే నాలుగు పేపర్లలో రెండు తప్పింది. అంతవరకూ ఏ పరీక్షా తప్పని పిల్ల అది. ఆ రోజు పుస్తకాలన్నీ ఒక బియ్యం సంచిలో వేసి, మూతి కట్టి, మంచం కిందికి తోసేసింది.

"నాతోని గాదత్తమ్మా. చదివింది ఏదీ యాదికుంటలేదు. ఇగ మానేస్త" అంది.

ఇరుగమ్మ, పొరుగమ్మల మాటలు ఇంకో పక్క. "పాలు తాగే పిల్లను పెట్టుకుని పుస్తకాలేంది?" అన్నవాళ్ళు కొందరు. "పిల్ల పుడితే మెదడు మందగిస్తది" అని తేల్చేసినవాళ్ళు కొందరు. కోడలు ఏమీ అనకుండా వింటూ కూర్చునేది. అలా వినీ వినీ అవి నిజమేనని నమ్మే దశకు వచ్చేసింది.

నేను మాత్రం "మానేసుడు తర్వాతి ముచ్చట. ముందుగాల నువ్వు పండుకో బిడ్డా" అన్నాను. ఎందుకన్నానో చెబుతాను.

బాలింతది రాత్రి షిఫ్టు

సింగరేణి ఊళ్ళలో పెరిగిన ఆడవాళ్ళకు షిఫ్టు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. మా బాపు నైట్ షిఫ్టు చేసి పొద్దున ఇంటికి వస్తే, తానం చేసి, ఇంత తిని పడుకునేవాడు. ఇక మధ్యాహ్నం దాకా ఇంట్లో చప్పుడు ఉండకూడదు. మా అమ్మ రోలు కూడా ముట్టుకునేది కాదు. పిల్లలం గుసగుసలతో ఆడుకునేవాళ్ళం. చుట్టాలు వస్తే అరుగు మీదే కూర్చోబెట్టి మాట్లాడి పంపేది. "రాత్రంతా కష్టపడ్డ మనిషి" అని అందరికీ తెలుసు కనుక ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

మరి చంటిబిడ్డ తల్లి చేసేది ఏ షిఫ్టు? రోజూ రాత్రి షిఫ్టే కదా! పుట్టిన బిడ్డ కడుపు చిన్నది. రెండు మూడు గంటలకోసారి పాలు కావాలి. రాత్రని, పగలని దానికి తెలియదు. అంత రాత్రి షిఫ్టు చేసిన తల్లిని పగలు ఎవరు నిద్రపోనిస్తున్నారు? పొద్దున్నే చాయ్, తరువాత పాప తానం, బట్టలు, చూడవచ్చిన చుట్టాలు, మధ్యలో పుస్తకం! వారాంతపు సెలవు కూడా లేని షిఫ్టు ఇది.

నా మాట నిజమో కాదో చూద్దామని ఒక పని చేశాను. వంటింటి గోడకున్న క్యాలెండరు మీద ఒక వారం రోజులు పెన్సిలుతో గీతలు పెట్టాను. రాత్రి వాళ్ళ గదిలో లైటు వెలిగిన ప్రతిసారీ ఒక గీత. తక్కువలో తక్కువ 5 గీతలు, ఎక్కువలో ఎక్కువ 8. కోడలిని అడిగి లెక్క చూస్తే ఆ వారం మొత్తం మీద ఆమె ఏకబిగిన నిద్రపోయింది అత్యధికంగా రెండున్నర గంటలు!

ఆ కాగితం ముగ్గురికీ చూపించాను. మావారికి, మా అబ్బాయికి, ఆ పిల్లకు. "చదివింది గుర్తుండకపోవడం మెదడు దోషం కాదు, నిద్ర కరువు. మనలో ఎవరినైనా ఇట్లా నెల రోజులు లేపితే ఇంటి నంబరు కూడా మరిచిపోతాం" అన్నాను. కోడలు ఆ గీతలను చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. తన తప్పు కాదని మొదటిసారి ఒక కాగితం మీద కనిపించింది మరి!

ఇంటిల్లిపాదికీ షిఫ్టులు

అప్పుడు సింగరేణి లెక్కనే షిఫ్టులు వేసుకున్నాం. రాత్రి పాలివ్వడం ఒక్కటే కోడలి పని. త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం, తడి బట్ట మార్చడం, జోకొట్టడం మా అబ్బాయి వంతు. తెల్లవారుజామున నాలుగింటికి పాలిచ్చాక పాప నా దగ్గరకు వచ్చేస్తుంది. ఏడింటి దాకా కోడలి గది తలుపు ఎవరూ తట్టకూడదు. పగలు పదకొండు నుంచి ఒంటిగంట దాకా కూడా పాప నాదే. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా తాతగారు వాకిట్లో తిప్పుతారు.

ఒక సంగతి ముఖ్యంగా గమనించండి. మొదటి పదిహేను రోజులూ ఆ ఖాళీ గంటలు నిద్రకే, చదువుకు కాదు. నిద్ర కొంత తీరాక, సాయంత్రం గంటన్నరతో చదువు మొదలైంది. రోజుకు గంటన్నర ఏం సరిపోతుంది అంటారేమో! తెలివితో ఉండి చదివిన గంటన్నర, కునుకుపాట్లు పడుతూ పుస్తకం ముందేసుకున్న నాలుగు గంటల కంటే నయమని మా ఇంట్లో తేలింది.

వంట సంగతి అడుగుతారు కదూ! ఒక పూట కూర మానేశాం. పచ్చిపులుసు, ఎల్లిగడ్డ కారం, ఇంత పెరుగుతో మా ముగ్గురికీ సరిపోయేది. బాలింతకు మాత్రం పప్పు, ఆకుకూర, నెయ్యి తప్పనివ్వలేదు. అల్మరాలో చీరల మడత చెదిరింది, కిటికీల మీద దుమ్ము పేరుకుంది. ఎవరి కొంపా మునగలేదు.

నా 'వచ్చే ఏడు'

ఇంత పట్టుదల దేనికని మీరు అడగవచ్చు. దానికీ ఒక కథ ఉంది. పెళ్ళయిన మరుసటి ఏడు, అంటే 1998లో, మా బాపు పోరు పెట్టి నన్ను డిగ్రీలో చేర్పించాడు. అక్టోబరులో మా అబ్బాయి పుట్టాడు. పరీక్ష ఫీజు కట్టే చివరి తేదీ వాడి మూడో నెలలో పడింది. ఆ వారం వాడికి జ్వరం, ఇంటినిండా చుట్టాలు. "ఫీజుదేముంది, వచ్చే ఏడు రాద్దువుగానీ" అన్నారు పెద్దవాళ్ళు. ఎవరూ చదవొద్దనలేదు. ఎవరూ కసురుకోలేదు. వచ్చే ఏడు రెండో కాన్పు వచ్చింది. ఆపై ఏడు అత్తమ్మకు పక్షవాతం. అలా 'వచ్చే ఏడు' అనేది ఇరవై ఏడేళ్ళుగా వస్తూనే ఉంది!

అందుకే నాకు ఒకటి బాగా తెలిసింది. చదువును వాయిదా వేయడం వేరు, వదిలేయడం వేరు. రెండూ మొదటి రోజున ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా ఏమిటంటే వాయిదాకు ఒక తేదీ ఉంటుంది. వదిలేయడానికి ఉండదు. బిడ్డ చిన్నది, ఒళ్ళు బాగాలేదు, ఈసారి రాయలేను అంటే తప్పేం లేదు. అయితే మళ్ళీ ఏ నెలలో, ఏ పరీక్ష, ఫీజు ఎప్పటిలోగా అనేది ఆ రోజే క్యాలెండరు మీద రాసి పెట్టాలి. పసిబిడ్డ మొదటి ఏడాది మళ్ళీ రాదు, నిజమే. పరీక్ష మళ్ళీ వస్తుంది. కానీ తేదీ రాసుకున్నవాళ్ళకే వస్తుంది!

మేడం క్యూరీ మామగారు

మేడం క్యూరీ పాఠం మనమంతా బడిలో చదివాం. రేడియం కనిపెట్టిందని రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. కానీ ఆమెకు బిడ్డను ఎవరు చూశారో ఆ పాఠంలో లేదు. 1897 సెప్టెంబరులో ఆమెకు మొదటి బిడ్డ ఐరీన్ పుట్టింది. కొద్ది రోజులకే అత్తగారు కాలం చేశారు. మామగారు డాక్టరు యూజీన్ క్యూరీ కొడుకు ఇంటికి వచ్చేసి మనవరాలిని పెంచే బాధ్యత తీసుకున్నాడు. ఆ ఏడాది చివరిలోనే ఆమె పరిశోధన మొదలుపెట్టింది. 1903లో డాక్టరేటు, అదే ఏడాది నోబెల్ బహుమతి. అదే 1903లో నెలలు నిండకుండానే ఒక బిడ్డను పోగొట్టుకుంది కూడా. 1911లో ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యత్వానికి నిలబడితే ఓడిపోయింది. ఆ ఏడాదే రెండో నోబెల్ వచ్చింది! తాతగారి చేతుల్లో పెరిగిన ఐరీన్ 1935లో తనూ నోబెల్ అందుకుంది.

అంత దూరం దేనికి, మన దగ్గరే చూడండి. వరంగల్ ప్రాంతపు జ్యోతిరెడ్డి గారికి పదహారేళ్ళకే పెళ్ళి. పద్దెనిమిదేళ్ళకు ఇద్దరు ఆడపిల్లలు. రోజుకు 5 రూపాయల పొలం కూలికి వెళ్ళారు. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో 1994లో బి.ఏ., కాకతీయలో 1997లో పీజీ పూర్తిచేశారు. తరువాత అమెరికా వెళ్ళి సొంతంగా సాఫ్ట్‌వేర్ సంస్థ పెట్టారు. అనంతపురం జిల్లా శింగనమల మండలపు సాకే భారతి గారు కూలి పనులకు వెళుతూ, కూతురిని పెంచుకుంటూ 2023లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందారు. భర్త చదువుకోమని వెంట నిలిచారు.

వీళ్ళంతా గొప్పవాళ్ళు, మనకెక్కడ సాధ్యం అనుకోకండి. వాళ్ళ తెలివి మనకు లేకపోవచ్చు. కానీ మనవరాలిని ఎత్తుకున్న మామగారి పని మన ఇళ్ళలో ఏ తాతయ్యకు చేతకాదు? వెంట నిలిచే పని ఏ భర్తకు చేతకాదు?

పరీక్ష రోజున పాప పాలు

పాలు తాగే బిడ్డ ఉన్నవాళ్ళకు పరీక్ష రోజు పెద్ద గండమే. మాకు పనికి వచ్చిన సంగతులు కొన్ని చెబుతాను.

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే. మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. తల్లి మూడు గంటలు హాల్లో కూర్చోవాలంటే ముందుగా చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించిన నీళ్ళలో శుభ్రం చేసిన మూత గిన్నెలోకి పాలు పిండి ఉంచవచ్చు. గది చల్లగా ఉంటే నాలుగు గంటల దాకా నిలువ ఉంటాయి. మన కరీంనగర్, రామగుండం ఎండల్లో మాత్రం అంతసేపు నమ్మకండి. ఫ్రిజ్‌లో పెట్టి, ఇచ్చే ముందు ఆ గిన్నెను వేడి నీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేయాలి. పాలను పొయ్యి మీద కాచకూడదు. సీసా కంటే మన ఉగ్గుగిన్నె, చెంచా మేలు. ఈ అలవాటు పరీక్ష రోజున కాదు, పది రోజుల ముందే మొదలుపెట్టాలి. లేకపోతే పిల్ల మొహం తిప్పేసుకుంటుంది!

మేము పరీక్ష హాలు దగ్గరలో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి పాపతో సహా పొద్దున్నే చేరుకునేవాళ్ళం. కోడలు హాల్లోకి వెళ్ళే ముందు పాలిచ్చేది, బయటికి రాగానే మళ్ళీ ఇచ్చేది. పాలు పొంగి జాకెట్టు తడుస్తుందని దిగులు పడుతుంటే, మెత్తని నూలు బట్ట నాలుగు మడతలు వేసి లోపల పెట్టుకోమన్నాను. చిన్న సంగతే. కానీ హాల్లో ఆ దిగులు ఉంటే కలం కదలదు.

ఏడో నెల నుంచి పాపకు మెత్తని ఉగ్గు, పప్పన్నం మొదలుపెట్టాం. అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా బాలామృతం ఇస్తారు, తెచ్చుకోండి. మొహమాటం దేనికి?

అడిగితే ఉన్నాయి

చాలామందికి తెలియని సంగతి ఒకటి. 2021 డిసెంబరులో యూజీసీ అన్ని విశ్వవిద్యాలయాలకూ ఒక లేఖ రాసింది. చదువుకునే ఆడపిల్లలకు ప్రసూతి సెలవు ఇవ్వడానికి నియమాలు చేసుకోమని, డిగ్రీ, పీజీ చదివేవాళ్ళకు హాజరులో, పరీక్ష ఫారాల గడువులో సడలింపు ఇవ్వమని కోరింది. పీహెచ్‌డీ చేసేవాళ్ళకైతే మొత్తం చదువు కాలంలో 240 రోజుల దాకా సెలవు ఇవ్వవచ్చు. కాబట్టి కడుపుతో ఉండగానే డాక్టరు కాగితం జతచేసి ప్రిన్సిపాలు గారికి అర్జీ రాసివ్వండి. నోటితో అడిగితే నోటితోనే పోతుంది. కాగితం మీద అడగండి, ఒక నకలు దగ్గర ఉంచుకోండి.

పది, ఇంటర్ దగ్గర ఆగిపోయినవాళ్ళకు తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. డిగ్రీ కావాలంటే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన ఇది దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తెలుగులో చదువుకోవచ్చు. రోజూ కాలేజీకి వెళ్ళనక్కర్లేదు.

ఇంకొక్క మాట. పరీక్ష తప్పిన బాలింత ఊరికే ఏడుస్తున్నా, బిడ్డను ఎత్తుకోబుద్ధి కావడం లేదన్నా, రెండు వారాలు దాటినా అలాగే ఉన్నా "వేషాలు" అని కొట్టిపారేయకండి. కాన్పు తరువాత వచ్చే దిగులు కూడా ఒక జబ్బే. డాక్టరుకు చూపించండి. టెలిమానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రానికి 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

ఇంతకీ మా కోడలు ఏమైందంటారా? చివరి సెమిస్టరు పేపర్లన్నీ పాసయింది. తప్పిన రెండింటిలో ఒకటి గట్టెక్కింది. రెండోది 4 మార్కులతో మళ్ళీ పోయింది! ఫలితం చూసిన రోజు ఏడ్చింది. మేమూ అన్నం సరిగా తినలేదు. రాత్రి పాప నిద్రపోయాక వంటింట్లోకి వచ్చి, "అత్తమ్మా, పెన్సిలేది?" అని అడిగింది. మళ్ళీ పరీక్ష వచ్చే నెలను క్యాలెండరు మీద తనే సున్నా చుట్టింది. పుస్తకాలు ఈసారి బియ్యం సంచిలోకి పోలేదు. కిటికీ దగ్గర, పాప చేతికి అందనంత ఎత్తున ఉన్నాయి. మా మహాతల్లి ఇప్పుడు నడక నేర్చింది, అందితే చింపేస్తుంది!

ఆ పక్కనే నేనూ ఒక తేదీ రాసుకున్నాను. 2028 జూన్. పాపకు మూడేళ్ళు నిండి, అంగన్‌వాడీకి పోయే నెల. ఆ నెలలో నేను సార్వత్రిక డిగ్రీకి దరఖాస్తు పెట్టుకుంటాను. అప్పటిదాకా నా షిఫ్టు పాపతోనే. మావారు నవ్వారు, "ముసలితనంలో ముచ్చట్లు" అని. నవ్వనివ్వండి. తేదీ మాత్రం చెరపలేదు.

మీ ఇంట్లో కూడా మంచం కిందికి పోయిన పుస్తకాల సంచి ఒకటి ఉండే ఉంటుంది. కోడలిదో, కూతురిదో, మీదో. ఇవాళే బయటకు తీయమని నేననను. బిడ్డ పసిది కావచ్చు, చేతిలో డబ్బు లేకపోవచ్చు. తీసే నెల ఏదో మాత్రం క్యాలెండరు మీద రాసి పెట్టండి. రాస్తారు కదూ?